డిసెంబరు, కుట్టుమిషను, సగంలో ఆగిన నవల: మీరెలా నెట్టుకొస్తున్నారు?

దారపుండ | గోపాలపట్నం | డిసెంబర్ 5, రాత్రి 11.40

పిల్లాడు పడుకున్నాడు. ఆయన టీవీ ముందే నిద్రపోయారు. నేను మిషను మూత తీసి, కాసేపు చూసి, మళ్ళీ పెట్టేసి ఇది రాస్తున్నాను.

నవంబరులో ఏదో ఊపులో, ఈ క్రిస్మస్‌కి అందరికీ నా చేత్తో కుట్టినవే ఇస్తానని చెప్పేశాను. చెప్పినప్పుడు హాయిగానే ఉంది. ఇవాళ కాగితం మీద రాసుకుంటే కళ్ళు తిరిగాయి. అత్తయ్యకి పాత చీరలతో బొంత. ఆడపడుచులిద్దరికీ, కోయిర్‌లో నలుగురికీ గుడ్డ సంచులు, మొత్తం ఆరు. పాస్టరమ్మగారికి తెల్ల టేబుల్ క్లాత్, చుట్టూ అంచుకి మెరూన్ గుడ్డ పట్టీతో పైపింగ్. నా తెల్లచీర మీదకి జాకెట్టు. ఇది చాలదన్నట్టు సండే స్కూల్ టీచరు ఫోన్ చేసి "మీకు మిషను ఉంది కదక్కా" అంటూ ఆరుగురు దేవదూతలని నా నెత్తిన పెట్టింది. పిల్లల క్రిస్మస్ నాటిక 21న. గొల్లలకి లుంగీ, తలకో తువ్వాలు చాలు. జ్ఞానులకి వాళ్ళమ్మల పట్టుచీరలు కప్పేస్తారు. దేవదూతలకే కుట్టాలి.

ఆఫీసు సిరిపురంలో. ఇల్లు చేరేసరికి ఏడున్నర. పండక్కి ముందు ఆదివారాలు ఇంకా మూడే, అవీ సగం చర్చిలోనే గడుస్తాయి, మధ్యలో సెమీ క్రిస్మస్‌లు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న ఆరువందల పేజీల నవల 140 దగ్గర ఆగింది. మిషను ముందు కూర్చుంటే పుస్తకం గుర్తొస్తుంది. పుస్తకం పట్టుకుంటే మిషను. ఎవరైనా ఓ దారి చెప్పండి.

మిషను మాస్టారు | గాజువాక | డిసెంబర్ 6, ఉదయం 6.15

అమ్మా, నాది టైలరింగ్ షాపు. డిసెంబరు పది దాటితే కొత్త జాకెట్టు తీసుకోను. బతిమాలితే తీసుకుంటా గానీ, చీటీ మీద "సంక్రాంతికి" అని రాసిస్తా. మీరు కూడా మీ జాకెట్టుకి ఇప్పుడే ఆ చీటీ రాసేసుకోండి. పాత తెల్ల జాకెట్టు ఒకటి బీరువాలో ఉండే ఉంటుంది.

ఇంక అసలు విషయం. టైము తినేది కుట్టడం కాదు, కత్తిరింపు. ఇంట్లో కుట్టుకునేవాళ్ళు ఒక సంచి కత్తిరించి, కుట్టి, ఇస్త్రీ చేసి, ముచ్చట పడి, రెండోది మొదలుపెడతారు. అలా చేస్తే పండక్కి మూడు సంచులు కూడా అవవు. ఒక రోజు మొత్తం కత్తెరే పట్టుకోండి. ఇంకో రోజు మిషనే.

గుడ్డ లెక్క చెప్తా, రాసుకోండి. 44 అంగుళాల పన్నా, అంటే వెడల్పు, ఉన్న మందపాటి కాటన్ తీసుకోండి. మీటరు అంటే 39 అంగుళాలు. 15 వెడల్పు, 18 పొడవు ముక్కలు నాలుగొస్తాయి. పన్నా మీద 30 పోతుంది, పొడవులో 36. పక్కన 14 అంగుళాల పట్టీ మిగిలింది కదా, అందులో 3 వెడల్పు, 24 పొడవుతో నాలుగు పట్టీలు తీస్తే చేతి పట్టీలు అయిపోతాయి. అంటే మీటరుకి రెండు సంచులు, ఆరింటికి మూడు మీటర్లు. 36 పన్నా కొన్నారో, పట్టీలకి గుడ్డ చాలదు. కొట్లో పన్నా అడిగి మరీ కొనండి.

కుట్టేటప్పుడు మొదటి సంచి పక్క కుట్టు అవగానే దారం తెంపకండి. రెండోదాన్ని అలాగే మిషను పాదం, అదే గుడ్డని నొక్కిపట్టే రేకు, కిందకి తొయ్యండి. ఆరూ తోరణంలా బయటికొస్తాయి, అప్పుడు మధ్యలో కత్తిరించుకోండి.

ఎర్రమట్టిదిబ్బ | భీమిలి రోడ్డు | డిసెంబర్ 6, ఉదయం 9.02

ఏటండీ ఈ తిప్పలు? ఏటికొప్పాక బొమ్మలు కొనిచ్చేస్తే పోలేదా? అంకుడు కర్ర, లక్క రంగులు, అవీ చేత్తో చేసినవే. చెయ్యి మీదే అవ్వాలని రూలేమైనా ఉందా?

దారపుండ | డిసెంబర్ 6, మధ్యాహ్నం 1.20

మాస్టారూ, జాకెట్టు చీటీ రాసేసుకున్నాను. ఒక బరువు దిగింది.

ఎర్రమట్టిదిబ్బ గారూ, రూలేమీ లేదు. నవంబరులో నోరు జారాను, అంతే.

పుస్తకాల పిచ్చి | ఎంవీపీ కాలనీ | డిసెంబర్ 6, సాయంత్రం 5.45

అక్కా, అందరూ సంచుల మీద పడ్డారు, నవలని ఎవరూ పట్టించుకోలేదు. డిసెంబరులో ఆరువందల పేజీలు పెట్టుకోవడమే తప్పు. రెండు రోజులు ఆగితే ఎవరు ఎవరికి బావమరిదో మర్చిపోతాం, మళ్ళీ వెనక్కెళ్ళాలి. దాన్ని తిరిగిచ్చేసి కథల పుస్తకం తెచ్చుకోండి. రావిశాస్త్రి గారు మన విశాఖ వకీలే కదా, ఆయన కథ ఒకటి పట్టుకుంటే ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్ కూడా తక్కువనిపిస్తుంది. 'ఆరు సారా కథలు' తీసుకోండి. క్రిస్మస్ నెలలో సారా ఏంటని మాత్రం అడక్కండి.

దారపుండ | డిసెంబర్ 6, రాత్రి 10.50

తమ్ముడూ, ఆ నవల నేను వదల్లేను. హీరోయిన్ ఇల్లు వదిలి వెళ్ళిపోయిన చోట ఆగాను. ఆవిడ సత్రంలోనే ఉండిపోయింది, నా వల్లే ఉండిపోయినట్టుంది.

విచిత్రం ఏంటంటే, డిసెంబర్ 1 నుంచి లూకా సువార్త రోజుకో అధ్యాయం చదువుతున్నాను. 24 అధ్యాయాలు కాబట్టి సరిగ్గా 24 రాత్రికి అయిపోతుంది. మా అమ్మ చేసేది, నాకూ అలవాటైంది. అది ఒక్క రోజూ తప్పలేదు. ఆగింది మిగతా చదువే.

ముగ్గుపిండి | సీతమ్మధార | డిసెంబర్ 7, ఉదయం 5.10

లూకా లెక్క చదివి నవ్వొచ్చిందండీ. మాకు పదహారు నుంచి ధనుర్మాసం. తిరుప్పావై 30 పాశురాలు, రోజుకొకటి. నాలుగున్నరకి లేచి ముగ్గేసి ఒక పాశురం చదవడం ఏ ఏడూ తప్పలేదు. అదే ఫిబ్రవరిలో పొద్దున్నే లేచి ఏదైనా చదవమనండి, లేవను.

మీ నవలకీ అలాగే కట్టుబాటు పెట్టండి. మిగిలినవి 460 పేజీలు. ఇవాళ్టి నుంచి 31 దాకా 25 రోజులు. రోజుకి పద్దెనిమిది, పంతొమ్మిది పేజీలు. బస్సులో అయిపోతుంది. బస్సు దిగాక పుస్తకం బ్యాగులోంచి తియ్యకూడదు, అదొక్కటే షరతు.

ఉక్కునగరం వదిన | ఉక్కునగరం | డిసెంబర్ 7, ఉదయం 11.30

మా ఆయన సీ షిఫ్టు వారమంటే రాత్రి పదికెళ్ళి పొద్దున్న ఆరుకొస్తారు. ఇక పగలంతా నిద్రే. మిషను తొక్కితే ఆ టకటకకి లేచి కూర్చుంటారు, అప్పుడు ఇద్దరికీ మనశ్శాంతి ఉండదు. అందుకని నేను పనినే రెండుగా చీల్చేశాను. సీ షిఫ్టు వారం చేతిపని: హెమ్మింగు, హుక్కులు, బొత్తాలు. మిగతా వారాలు మిషను. చేతిపని చేసేటప్పుడు చెవిలో ఫోను పెట్టుకుని కథలు వింటాను. మీ బొంత కూడా చేతి కుట్టే కదా, అందుకు వేరే టైము తీయక్కర్లేదు.

బొంతకి చీరలు ముక్కలు చేసి అతకాలని చూస్తున్నారేమో, ఆ పని పెట్టుకోకండి. చీర ఐదున్నర మీటర్లు. అడ్డంగా నాలుగు మడతలేస్తే దాదాపు 54 అంగుళాలు, పన్నా 45 పైన. ఒకే చీర నాలుగు పొరలవుతుంది. దానికి పైన ఒకటి, కింద ఒకటి మంచి చీర ముక్క కప్పి, చుట్టూ కచ్చా కుట్టు వేసి, లోపల వరసలు వేసుకోవడమే. కాళ్ళ మీద కప్పుకోవడానికి పెద్దావిడకి సరిపోతుంది.

దేవదూతలకి మీటర్ల కొద్దీ తెల్ల పాప్లిన్ కొనకండి. ఇళ్ళల్లో పాత పంచెలుంటాయి, అడగండి. రెండు మీటర్ల పంచెని సగానికి మడిస్తే పొడవు 39 అంగుళాలు. మడత మీద మధ్యలో మెడ కత్తిరించండి, చంక కింద నుంచి పక్కలు కుట్టేయండి, భుజం కుట్టే ఉండదు. జరీ అంచు చేతుల చివర పడుతుంది. పరలోకం నుంచి వచ్చినట్టే ఉంటారు.

దారపుండ | డిసెంబర్ 7, మధ్యాహ్నం 3.05

వదినా, మీ కాళ్ళకి దండం. పంచెల కోసం కోయిర్ గ్రూపులో మెసేజ్ పెట్టాను. పది నిమిషాల్లో తొమ్మిది పంచెలు ఇస్తామన్నారు. ఒకాయన అయితే కట్టుకున్నదే ఇచ్చేలా ఉన్నారు.

లేసు మామ్మ | పెదవాల్తేరు | డిసెంబర్ 7, సాయంత్రం 6.40

నేను చెబుతుంటే మనవరాలు టైపు చేస్తోంది. అమ్మాయ్, మాది నరసాపురం. అబ్బాయి ఉద్యోగం వల్ల ఇక్కడికొచ్చి పదేళ్ళయింది. సముద్రం గాలికి ఇక్కడ సూదులు ఇట్టే తుప్పు పడతాయి. తుప్పు సూదితో తెల్లగుడ్డ కుట్టావో, చుక్కలు చుక్కలుగా మరకలు పడతాయి. సూదులు చిన్న రేకు డబ్బాలో పౌడరు పోసి అందులో దాచుకో. కత్తెరకి మిషను నూనె రాసి గుడ్డతో తుడిచి పెట్టు. బొంతకి పొడవు సూది, గట్టి దారం తీసుకో. దారం మూరెడు కంటే ఎక్కువ పొడవు ఎక్కించకు, చిక్కుపడుతుంది. బద్ధకస్తులే బారెడు ఎక్కిస్తారు.

దారపుండ | డిసెంబర్ 8, రాత్రి 9.15

పూర్ణామార్కెట్ వైపు వెళ్ళొచ్చాను. పన్నా అడిగి మరీ 44ది మూడు మీటర్లు, తెల్ల టేబుల్ క్లాత్ గుడ్డ, పైపింగుకి మెరూన్ అర మీటరు తీసుకున్నాను. ముందు తడపాలా వద్దా? ఇప్పుడు తడిపితే ఆరడానికి ఒక రోజు పోతుంది.

మిషను మాస్టారు | డిసెంబర్ 8, రాత్రి 10.30

తడపాలి. కాటన్ మొదటి తడిలో ముడుచుకుంటుంది. కుట్టాక ముడుచుకుంటే సంచి వంకర పోతుంది, తప్పు మాత్రం మన కుట్టు మీదకొస్తుంది. ముదురు రంగులకి ఇంకో పరీక్ష: తెల్లగుడ్డ తడిపి రుద్ది చూడండి. రంగు అంటితే ఆ గుడ్డని తెల్లదాని పక్కకి రానివ్వకండి.

దారపుండ | డిసెంబర్ 11, రాత్రి 11.55

ఆదివారం తర్వాత ఇవాళే మిషను ఎక్కాను. సంచులు ఆరూ కత్తిరించి ఉన్నాయి. మొదటి కుట్టుకే కింద దారం కాకిగూడు అయిపోయింది. ఊడదీశాను, మళ్ళీ అదే. కిందదారం చుట్టిన బాబిన్ మార్చాను, మళ్ళీ అదే. ఏడుపొచ్చింది. నవల మాత్రం 205కి వచ్చింది, ముగ్గుపిండి గారి పుణ్యమా అని.

ఎర్రమట్టిదిబ్బ | డిసెంబర్ 12, ఉదయం 7.40

ఆ మిషను అమ్మేసి కొత్తది కొనండి. ఏ కంపెనీది మీది?

నిర్వాహకులు | డిసెంబర్ 12, ఉదయం 8.00

ఏ కంపెనీ మిషను మంచిదన్న గొడవ పోయినసారి నాలుగు వారాలు నడిచింది. ఇక్కడ వద్దు.

మిషను మాస్టారు | డిసెంబర్ 12, ఉదయం 8.20

గూడు కింద కట్టిందంటే లోపం సాధారణంగా పైన ఉంటుంది, అందరూ బాబిన్‌ని తిడతారు. పాదం దించి ఉండగా పైదారం ఎక్కించి ఉంటారు. పాదం దింపితే పైదారాన్ని బిగించే టెన్షన్ బిళ్ళలు బిగుసుకుపోతాయి, దారం వాటి మధ్యకి వెళ్ళదు. పాదం ఎత్తండి, దారం మొత్తం తీసి మళ్ళీ ఎక్కించండి. సూది కూడా మార్చండి. మామూలు కాటన్‌కి 14 నంబరు, పట్టీల దగ్గర పొరలు ఎక్కువ కాబట్టి 16.

దారపుండ | డిసెంబర్ 12, రాత్రి 10.10

పాదమే! పదేళ్ళుగా మిషను తొక్కుతున్నాను, ఇది నాకెవరూ చెప్పలేదు. ఆరు సంచులు తోరణంలా కుట్టేశాను. మధ్యలో కరెంటు పోయింది, నాది కాలితో తొక్కేది కాబట్టి సెల్ లైటు పెట్టుకుని కానిచ్చాను. బాబిన్ చుట్టుకునేటప్పుడు నవలలో ఒక పేరా చదివానని కూడా చెప్పాలి. కత్తెర పేజీ మీద పెడితే పుస్తకం మూసుకోదు.

పుస్తకాల పిచ్చి | డిసెంబర్ 12, రాత్రి 10.25

గ్రంథాలయం పుస్తకం మీద కత్తెరా! అక్కా, బట్టల క్లిప్పు పెట్టండి.

దారపుండ | డిసెంబర్ 14, సాయంత్రం 7.30

కొంప మునిగింది. టేబుల్ క్లాత్ అయిపోయింది, మెరూన్ పైపింగు గీత గీసినట్టు వచ్చింది. ఆఖరి ఇస్త్రీకి నీళ్ళు చిలకరించాను. పైపింగు రంగు దిగి ఒక మూల జానెడు మేర గులాబీ మరక. మాస్టారు చెప్పిన పరీక్ష చెయ్యలేదు. అర మీటరే కదా అనుకున్నాను. ఇప్పుడేం చెయ్యాలి? పాస్టరమ్మగారికి ఏ మొహంతో ఇవ్వాలి?

ముగ్గుపిండి | డిసెంబర్ 14, రాత్రి 8.00

ఉప్పునీళ్ళలో నానబెట్టండి, రంగు నిలుస్తుంది.

మిషను మాస్టారు | డిసెంబర్ 14, రాత్రి 8.25

ఈ ఉప్పు మాట ప్రతి ఇంట్లోనూ ఉంది, క్షమించాలి, నేను ఒప్పుకోను. ఉప్పు అద్దకం వేసేటప్పుడు పనికొస్తుంది. ఒకసారి అద్ది, అమ్మిన గుడ్డలో నిలవని రంగుని ఉప్పు పట్టుకోదు. మిగులు రంగు పోయేదాకా విడిగా ఉతకడమే. మరక ఆరనివ్వకుండా చల్లనీళ్ళు పోయండి, ఆ మూల ఇస్త్రీ మాత్రం మళ్ళీ చెయ్యకండి.

ముగ్గుపిండి | డిసెంబర్ 14, రాత్రి 8.31

మా అమ్మ ఉప్పే వేసేది. ఆవిడ చీరలు ఇంకా నా దగ్గరున్నాయి.

మిషను మాస్టారు | డిసెంబర్ 14, రాత్రి 8.40

మీ అమ్మగారు మంచి చీరలు కొనుక్కున్నారమ్మా.

లేసు మామ్మ | డిసెంబర్ 15, ఉదయం 10.10

గొడవ పడకండి. అమ్మాయ్, ఆ పైపింగు విప్పేయ్. అది ఉన్నంత కాలం ప్రతి ఉతుకుకీ భయమే. మరక ఉన్న మూల మీద లేసు పువ్వు కుట్టేద్దాం. నా దగ్గర అల్లి పెట్టినవి ఉన్నాయి. ఒక్క మూలకే వేస్తే అతుకులా కనిపిస్తుంది, నాలుగు మూలలకీ వెయ్యాలి.

మా వైపు ఈ అల్లిక మిషనరీలు వచ్చినప్పుడు నేర్పిందే. మా మామ్మ దగ్గర మా అమ్మ, అమ్మ దగ్గర నేను. సన్నటి క్రోషా సూది, తెల్లదారం, ఇంకేమీ అక్కర్లేదు. ఇప్పుడు దానికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చిందని మనవరాలు చదివి వినిపించింది. పువ్వుకింత అని లెక్కగట్టి ఇచ్చిన కూలి గుర్తొచ్చి, ఈ గుర్తింపు అప్పుడు ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

దారపుండ | డిసెంబర్ 15, మధ్యాహ్నం 12.45

మామ్మగారూ, మాటలు రావడం లేదు. ఎలా తీసుకోవాలి? పెదవాల్తేరు రావడానికి 20 దాకా నాకు కుదరదు.

పుస్తకాల పిచ్చి | డిసెంబర్ 15, మధ్యాహ్నం 12.58

నేను మామ్మగారి దగ్గర తీసుకుని రేపు ద్వారకానగర్ గ్రంథాలయానికి తెస్తాను. అక్కా, మీ పుస్తకం గడువు కూడా పొడిగించుకోవచ్చు. బట్టల క్లిప్పు నేనే తెస్తాను.

దారపుండ | డిసెంబర్ 17, రాత్రి 11.20

నాలుగు పువ్వులూ కుట్టేశాను. పైపింగు విప్పడానికి గంట, పువ్వులకి రెండు రాత్రులు. మరక మూల ఏదో చెప్పండి చూద్దాం అని మా ఆయన్ని అడిగితే వేరే మూల చూపించారు. పువ్వులతో పాటు మామ్మగారు నరసాపురం వైపు చేసే కజ్జికాయలు కూడా పంపారు. అవి ఇల్లు చేరలేదు, బస్సులోనే అయిపోయాయి. అందుకే పేజీలు కాస్త నూనె అయ్యాయి, తమ్ముడికి చెప్పకండి.

నవల 260. అనుకున్న దానికి వెనకబడ్డాను. బొంత నాలుగు వరసలు.

ఉక్కునగరం వదిన | డిసెంబర్ 18, ఉదయం 11.00

నాలుగు వరసలంటే 25కి అవ్వదు, ముందే చెప్పేస్తున్నా. గులాబీ పువ్వులు వండాలి, ఇల్లు దులపాలి, స్టార్ కట్టాలి. రాత్రుళ్ళు క్యారల్స్ వాళ్ళు వస్తే టీ పెట్టాలి. మీరు సూది పట్టుకునే రాత్రులు మూడో నాలుగో ఉంటాయి. అత్తయ్యగారికి ఇప్పుడే నిజం చెప్పేయండి.

ఎర్రమట్టిదిబ్బ | డిసెంబర్ 18, మధ్యాహ్నం 2.15

నేను మొదటి రోజే చెప్పాను, ఏటికొప్పాక అని.

సరే, ఒక మాట. దేవదూతలకి రెక్కలు ఎవరు చేస్తున్నారు? నా దగ్గర అట్టపెట్టెలు చాలా ఉన్నాయి. ఊరికే అడిగాను.

దారపుండ | డిసెంబర్ 21, రాత్రి 10.40

నాటిక అయిపోయింది. ఎర్రమట్టిదిబ్బ గారి అట్టపెట్టెలు ఆరు జతల రెక్కలయ్యాయి. ఆయనే ఆటోలో వేసి పంపించారు, లోపలికి మాత్రం రాలేదు. ఒక దేవదూత రెక్క గొల్లవాడి తువ్వాలుకి చిక్కుకుని ఊడిపోయింది. వాడు దాన్ని చేత్తో పట్టుకునే "భయపడకుడి" అని మొత్తం చెప్పాడు. వాడు మావాడే. జరీ అంచులు లైట్ల కింద నిజంగానే మెరిశాయి. ఆ పంచెలు ఇచ్చినవాళ్ళు ఎవరి పంచె ఎవరు వేసుకున్నారో వెతుక్కుంటూ కూర్చున్నారు.

సంచులు ఇచ్చేశాను. టేబుల్ క్లాత్ ఇచ్చేశాను. పాస్టరమ్మగారు లేసు చూసి, ఇది నరసాపురం కదా అని వెంటనే గుర్తుపట్టారు. మరక సంగతి చెప్పలేదు. పాపమా?

ముగ్గుపిండి | డిసెంబర్ 22, ఉదయం 5.05

కాదు. నా ముగ్గుల్లో తప్పు పడిన చుక్కల మీద నేనూ పువ్వులే వేస్తాను.

దారపుండ | డిసెంబర్ 27, మధ్యాహ్నం 2.30

ఆలస్యంగా వచ్చాను, అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. లూకా 24 రాత్రికి అయిపోయింది. నవల 338. హీరోయిన్ సత్రం నుంచి బయటపడి వేరే కష్టాల్లో పడింది. గడువు పొడిగించాను.

బొంత పదకొండు వరసల దగ్గర ఆగింది. వదిన మాట విని, సూది గుచ్చి ఉన్నది ఉన్నట్టుగానే అత్తయ్యకి ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఐదు నిమిషాలు చూశారు. చీరలు గుర్తుపట్టారు, ఏ చీర ఎప్పుడు కొన్నదో చెప్పారు. తర్వాత "కుట్లు ఇంత దూరం దూరం వేస్తే కాలివేళ్ళు దూరిపోతాయే" అని నా పదకొండు వరసల్లో ఆరు ఊడదీశారు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఆవిడే కుడుతున్నారు. నన్ను ముట్టుకోనివ్వడం లేదు. దారం మూరెడే ఎక్కించాలని మామ్మగారు అన్నట్టే ఆవిడా అంటున్నారు.

లేసు మామ్మ | డిసెంబర్ 27, సాయంత్రం 5.00

మీ అత్తగారిని ఒకసారి తీసుకురా.

మిషను మాస్టారు | డిసెంబర్ 27, రాత్రి 9.45

సంక్రాంతి జాకెట్లతో తల ఎత్తడం లేదు, ఇప్పుడే చూశాను. అమ్మా, మీ తెల్ల జాకెట్టు గుడ్డ పంపండి, మీకోసం చీటీ లేకుండా కుడతాను. ఒకటి అడగాలి. ఆ విప్పేసిన మెరూన్ పైపింగు, మిగిలిన గుడ్డ ఏం చేశారు?

దారపుండ | డిసెంబర్ 27, రాత్రి 10.05

బకెట్లో ఉంది మాస్టారూ. ఏడు ఉతుకులయ్యాయి, మూడు ఉప్పుతో, నాలుగు ఉప్పు లేకుండా. ఇంకా ఎర్రనీళ్ళే వస్తున్నాయి.